ఆడుతూ రాసినట్టుండే అక్షరాలు

ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్లు కార్డుల కోసం సూర్యాపేటలో డీటీపీ సెంటర్‌కు వెళ్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘ఏ ఫాంట్ పెట్టమంటారు?’ చాలామంది ‘మంచిది చూసి పెట్టండి’ అని ఊరుకుంటారు. ఆ ‘మంచిది’ ఏమిటో తీరిగ్గా ఆలోచించే సమయం ఇప్పుడు వచ్చింది. ఎందుకంటే కార్డులు, పోస్టర్లు ఫోన్లోనే చేసుకునేవాళ్లు పెరిగారు. ఫాంట్ ఎంచుకునే పని ఆపరేటర్ చేతిలోంచి మనందరి చేతుల్లోకి వచ్చేసింది. అందుకని చేతిరాతలా కనిపించే ఒక తెలుగు ఫాంట్‌ను ముందు పెట్టుకుని, అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ నప్పదో చూద్దాం.

ఆ ఫాంట్ పేరు లక్కిరెడ్డి. అప్పాజీ అంబరీష దర్భ 2013లో దీన్ని రూపొందించారు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర దీన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది.  ఇప్పుడిది గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. అదే వరుసలో ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఫాంట్లు వచ్చాయి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ‘సురవరం’ ఉంది. వాటిలో చాలావరకు గంభీరంగా ఉంటాయి. లక్కిరెడ్డి అలా ఉండదు. గీత నిండుగా ఉంటుంది, మలుపులు గుండ్రంగా తిరుగుతాయి. స్కేలు పెట్టి గీసినట్టు కాకుండా, లావు మార్కర్‌తో ఎవరో హుషారుగా రాసేసినట్టు ఉంటుంది.

ఇలాంటి ఫాంట్ ఎందుకు కావాలి? మాటకు గొంతు ఎలాంటిదో రాతకు ఫాంట్ అలాంటిది. ‘అందరూ తప్పక రావాలి’ అన్న మూడు ముక్కలే మైకులో ప్రకటనలా వినిపించవచ్చు, ఇంటికొచ్చి పిలిచినట్టూ వినిపించవచ్చు. పదాలు మారవు. పిలుపు మారుతుంది. చేతిరాత ఫాంట్ చేసేది ఈ రెండో పని. దీని వెనకాల ఎవరో ఒక మనిషి ఉన్నాడన్న భావం అది కలిగిస్తుంది.

తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. బాపు (1933–2014) బొమ్మలతో పాటు ఆయన రాతనూ మనం గుర్తుపడతాం. పుస్తకాల అట్టల మీద, సినిమా టైటిళ్లలో, కార్టూన్ల కింద ఆయన అక్షరాలు కనిపించగానే ‘ఇది బాపు రాత’ అనేస్తాం. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంట్‌గా మారింది. శుభలేఖల మీద బాగా వాడుకలోకి వచ్చింది. అయితే ఒక తేడా గమనించాలి. బాపు ఫాంట్‌తో ఏం రాసినా అందులో బాపు కనిపిస్తాడు. లక్కిరెడ్డిలో అలా ఫలానా మనిషి కనిపించడు. అది చేతిరాత ‘తీరు’ను తీసుకుంది కానీ ఒకరి సంతకాన్ని తీసుకోలేదు. అందుకే కిరాణా కొట్టు బోర్డుకూ, పిల్లల పుట్టినరోజు కార్డుకూ అది ఒదుగుతుంది.

ఇంగ్లిష్‌లో ఈ జాతి ఫాంట్లకు పేరు తెచ్చింది, చెడ్డపేరు కూడా తెచ్చింది కామిక్ సాన్స్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే విన్సెంట్ కొనేర్ 1994లో దాన్ని గీశాడు. పిల్లలూ కొత్తవాళ్లూ వాడే ఒక ప్రోగ్రామ్‌లో బొమ్మ కుక్క మాట్లాడుతుంది. దాని మాటలు పత్రికల్లో వాడే టైమ్స్ అక్షరాల్లో ఉండటం అతనికి పొసగలేదు. కామిక్ పుస్తకాల్లో మాటల బుడగలు చూసి ఈ ఫాంట్ చేశాడు. అంతవరకూ సరైన పనే. తర్వాత అది ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చింది, జనం దాన్ని ప్రతిదానికీ వాడారు. 2012 జూలైలో సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ అనే కణాన్ని కనుగొన్న సంగతి ప్రకటించినప్పుడు స్లైడ్లు కామిక్ సాన్స్‌లో ఉన్నాయి. కొందరు ఆ కణం సంగతి వదిలేసి ఫాంట్ గురించి మాట్లాడుకున్నారు. తప్పు ఫాంట్‌ది కాదు. ఫాంట్ ఒక తీరులో పలికింది, విషయం మరో తీరులో ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. తెలుగులో చేతిరాత ఫాంట్ చేయడం ఇంగ్లిష్‌లో కన్నా ఎందుకంత కష్టం? ఇది అర్థం కావాలంటే కంప్యూటర్ లోపల తెలుగు ఎలా ఉంటుందో తెలియాలి.

యూనికోడ్ (ప్రపంచ లిపులన్నిటిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించిన ఉమ్మడి పద్ధతి) 1991లో వచ్చినప్పటి నుంచే అందులో తెలుగు ఉంది. తెలుగుకు కేటాయించిన గళ్లు 128. అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులు, అంకెలు అన్నీ ఆ గళ్లలోనే సర్దుకున్నాయి. ఒత్తులకు మాత్రం విడిగా గళ్లు లేవు. మరి ఒత్తు ఎలా వస్తుంది?

‘ఆత్మకూర్’ అన్న మాటనే తీసుకుందాం. చదివేవారికి కనిపించేవి నాలుగు అక్షరాలు: ఆ, త్మ, కూ, ర్. కంప్యూటర్ దాచుకునేవి ఎనిమిది అంకెలు. ‘ఆ’కు ఒకటి. ‘త్మ’కు మూడు: త, పొల్లు, మ. ‘కూ’కు రెండు: క, కొమ్ముదీర్ఘం. చివరి ‘ర్’కు రెండు: ర, పొల్లు. హల్లు తర్వాత పొల్లు వచ్చి, దాని వెంట మరో హల్లు వస్తే, ఆ రెండో హల్లును ఒత్తుగా మార్చాలన్నది నియమం. అందుకే ‘త్మ’లో పొల్లు కనిపించదు, మ ఒత్తు కనిపిస్తుంది. మాట చివర ఇంకో హల్లు లేదు కాబట్టి ‘ర్’ మీద పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. ఒకే గుర్తు, ఒకే మాటలో, రెండు పనులు చేసింది.

సూర్యాపేట, మిర్యాలగూడ పేర్లలో ఇంకో చిక్కు ఉంది. రెండింటిలోనూ ‘ర్యా’ ఉంది. మనం టైపు చేసే వరుస ర, పొల్లు, య, దీర్ఘం. కంటికి కనిపించే వరుస అది కాదు. దీర్ఘం వెళ్లి ర మీద కూర్చుంటుంది, య ఒత్తు దాని పక్కన కిందికి దిగుతుంది. అంటే ఎవరో మధ్యలో వరుస మార్చాలి. ఆ పని చేసేది షేపింగ్ ఇంజిన్ (అంకెల వరుసను అక్షర రూపాలుగా పేర్చే ప్రోగ్రామ్). అది ఫాంట్ లోపల రాసి ఉన్న నియమాలను చదివి, ఏ రూపం పక్కన ఏది రావాలో చూసి పేరుస్తుంది. కోదాడకు ఈ గొడవ లేదు. కో, దా, డ. ఒత్తే లేని ఊరిపేరు.

ఇప్పుడు లెక్క చూడండి. 35 హల్లులు, ఒక్కోదానికి 12 గుణింతపు రూపాలు అనుకుంటే 420. ఒక్కోదాని కింద 35 ఒత్తుల్లో ఏదైనా రావచ్చనుకుంటే 14,700. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో రెండేసి ఒత్తులు వస్తాయి, వాటిని ఇంకా కలపలేదు. భాషలో ఇవన్నీ రావు కానీ, ఏది వచ్చినా ఫాంట్ సిద్ధంగా ఉండాలి. ఇన్ని వేల బొమ్మలు ఎవరూ గీయరు. గ్లిఫ్‌లు (తెరమీద కనిపించే అక్షర రూపాలు, వాటి ముక్కలు) కొన్ని వందలు గీసి, వాటిని కలుపుకుంటారు. తలకట్టున్న క ఒకటి, తలకట్టు తీసేసి గుడి పెట్టిన కి ఒకటి, ఒత్తులన్నీ విడివిడిగా, ఇలా.

చేతిరాత ఫాంట్‌కు ఇబ్బంది ఈ కలపడం దగ్గరే మొదలవుతుంది. అచ్చు అక్షరాల్లో ప్రతి తలకట్టూ ఒకే ఎత్తులో, ఒకే ఏటవాలులో ఉంటుంది కాబట్టి ముక్కలు సులువుగా అతుకుతాయి. చేతితో రాసేటప్పుడు ‘త్మ’ రాసే చెయ్యి త ముగిసిన చోటు నుంచే మ ఒత్తుకు దిగుతుంది. ‘ల్ల’ రాసేటప్పుడు మరోలా దిగుతుంది. ముక్కలు విడిగా గీసి అతికిస్తే ఆ దిగుడు పోతుంది. అక్షరం హుషారుగా ఉంటుంది, ఒత్తు మాత్రం అతికించినట్టు కనిపిస్తుంది. మంచి తెలుగు చేతిరాత ఫాంట్‌ను గుర్తుపట్టాలంటే అక్షరాలు చూడకండి, ఒత్తులు చూడండి.

ఇంకొక పరీక్ష ఉంది. ‘అమ్మమ్మ’ అని రాసి చూడండి. మనం చేత్తో రాస్తే రెండు ‘మ్మ’లు ఎప్పుడూ ఒక్కలా ఉండవు. రెండోది కాస్త వంగుతుంది, కాస్త చిన్నదవుతుంది. ఫాంట్‌లో అవి రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. చేతిరాత అన్న భ్రమ అక్కడ చెదిరిపోతుంది. దీనికి మందు కూడా ఉంది. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, పక్కపక్కన వచ్చినప్పుడు మార్చి మార్చి వాడమని ఫాంట్‌కే నియమం రాయవచ్చు. తెలుగులో అలా చేస్తే ఇప్పటికే వందల్లో ఉన్న గ్లిఫ్‌లు రెట్టింపవుతాయి. ఆ శ్రమకు తగ్గ ప్రతిఫలం దొరకదు కాబట్టి ఎవరూ పెద్దగా ముందుకు రారు. నా దృష్టిలో తెలుగు ఫాంట్లలో ఇప్పుడున్న పెద్ద లోటు ఇదే.

ఈ మెకానిజం తెలిశాక వాడకం సంగతి తేలికవుతుంది. లక్కిరెడ్డి పెద్ద సైజుల కోసం చేసిన ఫాంట్. శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వానాల్లో పేర్లు, ఇవి దాని చోట్లు. దాన్ని పేరా మొత్తానికీ వాడితే కన్ను అలసిపోతుంది. కారణం చెప్తాను. తెలుగు అక్షరాల తేడాలు చిన్న చిన్న గీతల్లో ఉంటాయి. ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. ప, ఫ మధ్య కూడా అంతే. డ, ఢ అంతే. లావు గీతతో రాసిన అక్షరాన్ని చిన్నది చేసినకొద్దీ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, ముందుగా మాయమయ్యేది ఆ చిన్న గీతే. దానికితోడు ఈ ఫాంట్‌కు ఒక్కటే మందం ఉంది. డిజైన్ యాప్‌లో బోల్డ్ బటన్ నొక్కితే అసలు బోల్డ్ రాదు. ఉన్న గీత చుట్టూ ఇంకో పూత పూస్తుంది అంతే. లావుగా ఉన్నది ఇంకా ఉబ్బి ముద్దయిపోతుంది.

పంచెకట్టు, చీరకట్టు వేడుకల కార్డు మీద ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అని వేస్తారు. ఆ మాటలను ఈ ఫాంట్‌లో పెడితే ఒక చిక్కు వస్తుంది. ‘స్త్రా’లో రెండు ఒత్తులు ఒకదాని వెంట ఒకటి కిందికి దిగుతాయి, కింది వరుసను తాకుతాయి. వరుసల మధ్య జాగా పెంచకపోతే ఒత్తు వెళ్లి కింది అక్షరం తలకట్టులో గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్లు వరుసలను దగ్గరగా పెడతాయి, అందుకే ఫోన్లో చేసిన తెలుగు కార్డుల్లో ఈ లోపం ఎక్కువ. నా సలహా ఏమిటంటే పిల్లవాడి పేరును లక్కిరెడ్డిలో పెద్దదిగా పెట్టండి. కార్యక్రమం పేరు, తేదీ, ముహూర్తం, ఫంక్షన్ హాల్ చిరునామా సాదా ఫాంట్‌లో పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి దానికి సరిపోతాయి. దశదినకర్మ కార్డు మీద మాత్రం ఈ ఫాంట్ వద్దు. దుఃఖంలో ఉన్న ఇంటి నుంచి వచ్చే కాగితం ఆటగా కనిపించకూడదు.

ఫ్లెక్సీల సంగతి వేరు. దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగేటప్పుడు జాతీయ రహదారి పొడవునా ఫ్లెక్సీలు కడతారు. బస్సులోంచి చూసేవాళ్లకు అవి కనిపించేది కొన్ని క్షణాలే. బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. అది ఇంగ్లిష్ పెద్ద అక్షరాలను చూసి పుట్టిన లెక్క. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు కలిపి అంగుళం అంటే అసలు అక్షరానికి దక్కేది అందులో సగమే. కాబట్టి అంతకన్నా పెద్దది కావాలి. స్వాగతం పలికే రెండు మాటలకు లక్కిరెడ్డి బాగుంటుంది, ఎందుకంటే అవి పండుగ మాటలు. పార్కింగ్ ఎటు, నీళ్లు ఎక్కడ, తప్పిపోయిన పిల్లల కోసం ఎవరిని అడగాలి అన్నవి పండుగ మాటలు కావు. అవి ఒక్క చూపులో అర్థం కావాలి. అక్కడ సాదా అక్షరమే వాడాలి.

మిర్యాలగూడ బియ్యం సంచి చూడండి. నేసిన ప్లాస్టిక్ సంచి మీద అచ్చు వేసేటప్పుడు సన్నగీత నేత సందుల్లో తెగిపోతుంది. లావుగా, గుండ్రంగా ఉన్న అక్షరం నిలబడుతుంది. బ్రాండ్ పేరుకు ఇలాంటి ఫాంట్ నప్పడానికి అందం ఒక కారణమైతే, ఈ నేత ఇంకో కారణం. బరువు, ధర, ప్యాక్ చేసినవారి చిరునామా మాత్రం చట్టప్రకారం స్పష్టంగా ఉండాలి, అవి సాదాగానే ఉండాలి.

బడి విషయంలో కాస్త జాగ్రత్త చెప్పాలి. అంగన్‌వాడీ గోడ మీద, ఒకటో తరగతి చార్టు మీద పిల్లలకు నచ్చుతుందని ఆటల ఫాంట్లు వాడుతుంటారు. అక్షరం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు తను పలక మీద దిద్దే రూపమూ గోడ మీద కనిపించే రూపమూ ఒకటిగా ఉండాలి. అక్షరమాల చార్టుకు ఈ ఫాంట్ వాడకపోవడమే మంచిది. చదవడం వచ్చిన పిల్లల కథల పుస్తకం అట్టకు, బాలల దినోత్సవం బ్యానర్‌కు నిశ్చింతగా వాడవచ్చు.

పొరుగు ఫాంట్ ఒకటి చెప్పుకోవాలి. ముంబయికి చెందిన ఎక్ టైప్ వాళ్లు బాలూ అనే ఫాంట్ కుటుంబాన్ని పలు భారతీయ లిపుల్లో చేశారు. గుజరాతీకి బాలూ భాయ్, తమిళానికి బాలూ తంబి, మలయాళానికి బాలూ చేట్టన్, తెలుగుకు బాలూ తమ్ముడు. ఇది చేతిరాత కాదు కానీ అదే సరదా గుణం ఉంది. దాని కొత్త రూపంలో మందాలు కూడా ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయి. ఒకే పోస్టర్‌లో పేరు లావుగా, వివరాలు సన్నగా ఒకే కుటుంబంలో పెట్టుకోవాలంటే ఇది మెరుగు.

ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు. ఈ తేడా తెలుసుకోవడం అవసరం. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పనిచేసినవి అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు. వాటిలో తెలుగు ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో కూర్చోబెట్టారు. అచ్చుకు అవి అద్భుతంగా పనిచేశాయి, తెలుగు ముద్రణను మోసినవి అవే. కానీ ఆ ఫైలును ఫాంట్ లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందులో ‘ఆత్మకూర్’ అని వెతికితే దొరకదు. యూనికోడ్‌లో రాసిన కార్డును వాట్సాప్‌లో అక్షరాలుగానే పంపవచ్చు, ఫాంట్ మార్చినా మాట మారదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఫొటోషాప్, ఇన్‌డిజైన్ లాంటి వాటిలో ఒత్తులు విడిపోయి ‘ర్ యా’ అని వస్తుంటే అది ఫాంట్ లోపం కాదు. సెట్టింగ్స్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగ్గా పేర్చే ఏర్పాటు) ఎంచుకుంటే సరిపోతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. లక్కిరెడ్డి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. కార్డులకూ, దుకాణం బోర్డుకూ, అమ్ముకునే సరుకు మీదా ఉచితంగా వాడవచ్చు. మార్చుకోవచ్చు కూడా. మార్చినదాన్ని మళ్లీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు. అంటే ఇందాక చెప్పుకున్న ‘అమ్మమ్మ’ లోటును తీర్చడానికి ఎవరి అనుమతి కోసమూ చూడనక్కర్లేదు. నేర్చుకున్నవాళ్లు ఎవరైనా రెండో ‘మ్మ’ గీసి చేర్చవచ్చు.

ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్లెక్సీ రాకముందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో దుకాణాల పేర్లు, గోడ రాతలు పెయింటర్లే రాసేవారు. ఒక్కొక్కరి క ఒక్కోలా ఉండేది. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని చాలావరకు పోయింది, ఆ రాతలు కూడా గోడల మీద వెలిసిపోతున్నాయి. రాసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల రాతను ఫాంట్‌గా మార్చే సాధనాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. కాగితం మీద రాయించి, స్కాన్ చేసి, గీతలను ఫాంట్‌ఫోర్జ్ లాంటి ప్రోగ్రామ్‌లోకి తీసుకుని, కూర్పు నియమాలు రాయాలి. ఓపికతో చేయాల్సిన పని, నెలలు పడుతుంది. పూనుకునేవాళ్లు అచ్చులు, హల్లులు రాయించుకుని సరిపెట్టుకోకూడదు. ప్రతి ఒత్తునూ ఏదో ఒక అక్షరం కింద, అసలు రాసే తీరులోనే రాయించుకోవాలి. ఒక పెయింటర్ చేతి తీరు ఎక్కువగా బయటపడేది అక్కడే.